మనిషి ప్రాణానికి విలువేముంది అని అడిగిన అమ్మాయికి

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నానని, రాత్రి పడుకునే ముందు ఫోన్ తీస్తే గాజా, ఉక్రెయిన్, సూడాన్, ఎక్కడ చూసినా కూలిన ఇళ్ళు, తెల్లగుడ్డలో చుట్టిన పసిపిల్లలు, అవి చూశాక రెండింటిదాకా నిద్ర పట్టట్లేదని రాశావు. "ఇంతమంది ఇంత తేలిగ్గా పోతుంటే మనిషి ప్రాణానికి నిజంగా విలువ ఉందా, ఉందని మనం అనుకోవడమేనా? ఆశ పెట్టుకోమనేవాళ్ళందరూ అబద్ధం చెబుతున్నట్టు అనిపిస్తోంది" అన్నావు. నేను ఆరోగ్యశాఖలో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం మా దివిసీమలోనే. వేదాంతం నాకు రాదు, చూసినవే చెబుతాను. మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

1977 నవంబరు 19, శనివారం. నాకు పదిహేడేళ్ళు. ఇంటర్ చదువు కోసం అవనిగడ్డలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉన్నాను, అందుకే ఇవాళ నీకు ఇది రాయగలుగుతున్నాను. మా ఊరు అక్కడినుంచి దక్షిణంగా, సముద్రం వైపు. ఆ రోజు ఉప్పెన వచ్చింది. అయిదారు మీటర్ల ఎత్తున నీళ్ళు లేచి పది కిలోమీటర్లకి పైగా భూమి మీదకి వచ్చేశాయి. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు, నిజమే, కానీ రేడియో ఉన్న ఇళ్ళెన్ని? విన్నా ఎక్కడికి పోతారు, చుట్టుపక్కల ఎక్కి నిలబడడానికి ఒక్క పక్కా మేడ లేదు. తాటిచెట్లు పట్టుకున్నవాళ్ళు కొందరు, తుమ్మచెట్ల ముళ్ళల్లో చీరలు చిక్కుకుని ఆగిపోయినవాళ్ళు కొందరు బతికారు. మా చిన్న మేనమామ, అత్త, వాళ్ళ ముగ్గురు పిల్లలు బతకలేదు.

మూడోరోజు నడుచుకుంటూ ఊరు చేరాను. దారి గురించి రాయను. ఊళ్ళో మా ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టారు చేసిన పని గురించే నీకు చెప్పాలి. ఆయన భార్య, చిన్నకొడుకు పోయారు. అప్పటికి ఎక్కడెక్కడినుంచో కాలేజీ పిల్లలు వచ్చి, ముక్కుకి గుడ్డలు కట్టుకుని, శవాలు లాగి గోతుల్లో పూడుస్తున్నారు. అంటురోగాలు వస్తాయని భయం, తొందర తొందరగా చేయాలి. ఉబ్బిపోయి ఎవరు ఎవరో గుర్తుపట్టే స్థితి లేదు. మాస్టారు ఎక్కడ సంపాదించారో ఒక పొడుగు నోటుపుస్తకం, నీళ్ళకి తడిసి ఎండి అట్ట వంకర్లు పోయింది, అది పట్టుకుని ప్రతి గోతి దగ్గరా నిలబడేవారు. శవాన్ని దించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క నిమిషం ఆగండి నాయనా, రాసుకోనివ్వండి" అనేవారు. వంగి చూసి రాసుకునేవారు. ఆడమనిషి, ముప్పై లోపు, ఎర్రంచు పచ్చ చీర, ఎడమ మోచేతి మీద తేలు పచ్చబొట్టు. మగపిల్లాడు, అయిదారేళ్ళు, మొలతాడుకి రాగి బిళ్ళ. ఎక్కడ పూడ్చారో కూడా రాసేవారు, ఫలానా తాటిచెట్టుకి తూర్పున ఇన్ని అడుగులు అని.

ఒక కుర్రాడికి కోపం వచ్చింది. వాడి తప్పు లేదు, పొద్దున్నుంచి ఆ పని చేస్తున్నాడు. "ఎవరికి చూపిద్దామని మాస్టారూ ఇవన్నీ? చదివేవాళ్ళు మిగిలారా?" అన్నాడు. ఆయన తల ఎత్తకుండానే "అడిగేవాళ్ళు వస్తారు" అన్నారు.

పదిరోజుల తర్వాత రేపల్లె వైపునుంచి, కృష్ణ అవతలినుంచి ఒకాయన వచ్చాడు చెల్లెల్ని వెతుక్కుంటూ. మాస్టారు పేజీలు తిప్పి తేలు పచ్చబొట్టు అని చదివారు. ఆయన అక్కడికి వెళ్ళి, ఆ తాటిచెట్టు పక్కన నేలమీద కూర్చుని, పొద్దుపోయేదాకా లేవలేదు. ఎంత ఘోరమైనా, ఎక్కడ కూర్చుని ఏడవాలో ఆయనకి తెలిసింది. ఆ ఉప్పెనలో ఎంతమంది పోయారంటే ఎవరి లెక్క వాళ్ళది, పది వేల దాకా అని కొందరు, ఇంకా చాలా ఎక్కువని కొందరు. మాస్టారి నోటుపుస్తకంలో ఎనభై చిల్లర ఉన్నాయి.

నీ ప్రశ్న చదువుతుంటే నాకు ఆ పుస్తకమే గుర్తొచ్చింది. నువ్వు ఫోన్లో చూసేదంతా గుట్టలెక్క. వెయ్యి, పదివేలు, అరలక్ష. గుట్టగా పోసి చూస్తే ఏ ప్రాణమూ విలువైనదిగా కనపడదమ్మా, ఎవరి కళ్ళకైనా అంతే, అది నీ మనసులో లోపం కాదు. విలువ కనపడేది ఒక్కొక్కరినీ విడిగా లెక్కపెట్టే చోట. ఆ పని చేసేవాళ్ళు ప్రతి ఘోరంలోనూ ఉంటారు, నోటుపుస్తకం పట్టుకునో, మందు సీసా పట్టుకునో. వార్తల్లో వాళ్ళు కనపడేది తక్కువ, ఎందుకంటే వాళ్ళు చేసేది నెమ్మదిగా జరిగే పని.

1982లో నాకు ఉద్యోగం వచ్చింది. 1990 మే నెలలో మళ్ళీ అలాంటి తుఫానే మా కృష్ణ మొగ దగ్గరే తీరం దాటింది, 77 నాటిదానికి తీసిపోని గాలి. ఈసారి ముందురోజే రెవెన్యూవాళ్ళు, పోలీసులు, మేము, ఊళ్ళో కుర్రాళ్ళు, జాబితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. ట్రాక్టర్లు, లారీలు. ఒక ముసలమ్మ గేదెని వదిలి రానని గుంజ కావలించుకుని కూర్చుంది. కానిస్టేబులు ఒకతను పలుపు కోసి గేదెని వదిలేసి, "అదిగో, అదే వెళ్ళింది, నువ్వూ పద మామ్మా" అని ఆమెని భుజాన వేసుకున్నాడు. తుఫాను షెల్టర్ గుమ్మం దగ్గర ఒక్కొక్క పేరూ పిలిచి టిక్కు పెట్టింది నేనే. రాత్రంతా ఆ గాలిలో నాకు ఒకటే గుర్తు, జాబితాలో టిక్కు పడని పేర్లు నాలుగు. తెల్లారాక తెలిసింది, ఇద్దరు చుట్టాలింటికి వెళ్ళారు, ఇద్దరు పోయారు. రాష్ట్రం మొత్తం మీద ఆ తుఫానులో 967 మంది పోయారు. తక్కువా? ఎంతమాత్రం కాదు, ఆ ఇద్దరి ఇంటికీ నేనే వెళ్ళాను. కానీ అదే తీరం, అలాంటి గాలే, పదమూడేళ్ళ కింద పది వేలు. మధ్యలో మారింది సముద్రం కాదుగా.

ఒరిస్సాలో కూడా ఇదే చూస్తావు. 1999 అక్టోబరులో సూపర్ సైక్లోన్‌కి దాదాపు పదివేల మంది పోయారు. 2013లో పైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, పోయినవాళ్ళు యాభై లోపు. బంగ్లాదేశ్ ఇంకా పెద్ద కథ. 1970 తుఫానులో అక్కడ కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత 1972 నుంచి ఊరూరా వాలంటీర్లని తయారుచేసుకున్నారు, మెగాఫోను, సైరను, జెండా, ఇవే వాళ్ళ సామాను, ఇప్పుడు వాళ్ళు డెబ్బై వేలకి పైగా ఉన్నారు. 2020లో అంఫాన్ వచ్చినప్పుడు అక్కడ ఇరవై లక్షల మందికి పైగా షెల్టర్లకి చేరారు, చావులు పదుల్లో ఆగాయి. మూడు లక్షలనుంచి పదులకి. అంత పేద దేశంలో, ఒక మనిషి ఇంకో మనిషి తలుపు కొట్టి లేపడం వల్ల.

తుఫాను వేరు, యుద్ధం వేరు, యుద్ధం మనుషులే చేస్తారు కదా అంటావు. అవును. అందుకని యుద్ధంలోంచే ఒకటి చెబుతాను.

1971లో తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, మారణకాండ జరుగుతుంటే కోటి మంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. సరిహద్దు దగ్గర బన్‌గావ్ అని ఊరు, అక్కడి ఆసుపత్రిలో కలరా. మంచాలు లేవు, నేలమీద వాంతుల్లో, విరేచనాల్లో పడి ఉన్నారు జనం, సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పోయించారు. నర్సులు చాలరు కాబట్టి రోగి పక్కన ఉన్న అమ్మో అన్నో కప్పుతో ముంచి తాగించాలి. నోటి ద్వారా తాగిస్తే కలరా తగ్గుతుందంటే అప్పటికి చాలామంది డాక్టర్లు నమ్మేవారు కాదు. ఆ క్యాంపుల్లో నూటికి ముప్పై మంది పోయేచోట నాలుగు లోపుకి వచ్చింది. మనం ఇవాళ మెడికల్ షాపులో కొనే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక ఉన్నది ఆ డ్రమ్ములే. మహలనబీస్ 2022లో పోయారు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికి ఉన్నన్నాళ్ళూ మన ఇళ్ళల్లో ఆయన పేరు తెలిసినవాళ్ళెంతమంది?

ఆ పొట్లం నా చేతిమీదుగా ఎన్ని ఇళ్ళకి వెళ్ళిందో లెక్క లేదు కానీ ఒక రాత్రి మాత్రం చెబుతాను. పల్లెకారుల గుడిసెల్లో విరేచనాలు పట్టుకున్నాయి. ఒక తల్లి ఒళ్ళో పది నెలల బిడ్డ. కళ్ళు లోపలికి పోయాయి, ఏడుస్తుంటే నీళ్ళు రావట్లేదు, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. వాన, రోడ్డు తెగిపోయింది, ఆసుపత్రికి తీసుకెళ్ళే దారి లేదు. స్పూనుతో పట్టమన్నాను. రెండు స్పూన్లు పడితే ఒకటి కక్కుతాడు. కక్కినా ఆపొద్దు, పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టు అని చెప్పి నేను పక్కనే కూర్చున్నాను. కిరసనాయిలు దీపం వెలుగులో ఆమె స్పూను ముంచడం, పెదాల దగ్గర పెట్టడం, ఆగడం. ఎన్నిసార్లో. కోడికూతవేళకి ఆమె ఉలిక్కిపడి "ఒళ్ళో తడి తగిలిందండీ" అంది. బిడ్డ ఒంటేలు పోశాడు. నీళ్ళు ఒంటికి పట్టాయన్నమాట. ఆమె ఆ తడిచీరతోనే నవ్వింది చూడు, ఆ నవ్వు చూసినవాడికి మనిషి ప్రాణానికి విలువ ఉందా లేదా అన్న అనుమానం ఇక జన్మలో రాదు.

తర్వాత 1995 నుంచి పల్స్ పోలియో. నీకూ చిన్నప్పుడు వేసే ఉంటారు, ఎడమచేతి చిటికెన వేలి గోటి మీద మార్కర్ గీత. ఆదివారం పోలియో బూత్‌లో చుక్కలు వేస్తాం, మర్నాటినుంచి ఇల్లిల్లూ తిరిగి, అందరికీ పడితే గోడమీద పి అని, ఎవరైనా మిగిలితే ఎక్స్ అని సుద్దముక్కతో రాస్తాం. ఎక్స్ ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఒకసారి కోతలైన పొలాల్లో బాతులు మేపుకునేవాళ్ళు దిగారని ఎవరో చెప్పారు, వాళ్ళకి ఊరూ లేదు, గోడా లేదు, రేపు ఇంకో చోటికి పోతారు. నేనూ మా ఆశ కార్యకర్తా ఐస్ డబ్బా తగిలించుకుని గట్ల వెంట నాలుగు కిలోమీటర్లు నడిచాం. గుడారంలో ఒక్కత్తే పిల్ల, ఏడాదిన్నర ఉంటుందేమో. రెండు చుక్కలు. గోటికి గీత పెడుతుంటే వాళ్ళ నాన్న "దీనికోసమే వచ్చారా సార్ ఇంత దూరం?" అన్నాడు. అవునన్నాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు, వెళ్ళేటప్పుడు నాలుగు బాతుగుడ్లు మా సంచిలో పెట్టాడు.

దేశమంతా లక్షలమంది ఇలాగే నడిచారు. 2009లో మన దేశంలో 741 మంది పిల్లలకి పోలియో వచ్చింది, ప్రపంచంలో అదే ఎక్కువ. 2011 జనవరి 13న హౌరాలో ఒక రెండేళ్ళ పాపకి వచ్చిందే చివరిది. 2014 మార్చి 27న పోలియో లేని దేశమని ప్రకటించారు. ఆ రోజు టీవీలో వార్త ఒక్క నిమిషం వచ్చిందేమో, నేను బయటికి వెళ్ళి కాసేపు అరుగు మీద కూర్చున్నాను.

ఇప్పుడు నువ్వు చూస్తున్న గాజాకి వద్దాం. 2024 ఆగస్టులో అక్కడ పది నెలల పిల్లాడికి పోలియోతో కాలు పడిపోయింది, పాతికేళ్ళలో మొదటి కేసు. సెప్టెంబరు 1 నుంచి టీకాలు మొదలుపెట్టారు. ఏ ప్రాంతంలో వేస్తుంటే అక్కడ రోజుకి కొన్ని గంటలు దాడులు ఆపేలా ఇరుపక్షాలనీ ఒప్పించారు. పన్నెండు రోజుల్లో పదేళ్ళ లోపు పిల్లలు అయిదున్నర లక్షల మందికి పైగా చుక్కలు వేయించుకున్నారు. వేసినవాళ్ళు కూడా ఇళ్ళు పోయినవాళ్ళే, గుడారాల్లో ఉన్నవాళ్ళే. ఆ ఫొటోల్లో పిల్లలు కెమెరాకి చిటికెన వేలు చూపిస్తున్నారు, గోటి మీద అదే గీత. అంత నాశనం మధ్య కూడా ఎవరో ఒకరు, ఈ పిల్లకి పడిందా లేదా అని ఒక్కొక్కరి వేలూ పట్టుకుని చూశారు. నువ్వు ఆ కూలిన ఇళ్ళు ఎంత నిజమని నమ్ముతున్నావో ఈ గీత కూడా అంతే నిజమని నమ్ము, అదే నేను అడిగేది.

ఇదంతా చెప్పి లోకం బాగుంది, నువ్వే అనవసరంగా టెన్షన్ పడుతున్నావు అనట్లేదు. ఆ గీత పెట్టిన పిల్లల్లో కొందరు ఆ తర్వాత బాంబులకి పోయి ఉంటారు. అది తలుచుకుంటే నాకూ నిద్ర పట్టదు. మరి ఆ రెండు చుక్కలూ వృథానా? చాలా రోజులు ఆలోచించాను దీని గురించి. నాకు దొరికిన జవాబు మాస్టారి పుస్తకమే. ఆయన రాసిన ఎనభై మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు, అయినా ఆయన రాయడం మానలేదు, మానకూడదు కూడా. అయిదేళ్ళ లోపు పిల్లల చావులు 1990లో ప్రపంచం మొత్తం మీద ఏడాదికి కోటీ పాతిక లక్షల దాకా ఉండేవి, 2022 నాటికి 49 లక్షలకి వచ్చాయి. ఈ అంకె చూసి కొందరు చప్పట్లు కొడతారు. నేను కొట్టను, నలభై తొమ్మిది లక్షల ఇళ్ళల్లో ఆ గోతి ఉంది. కానీ మిగతా డెబ్బై ఆరు లక్షల మంది పిల్లలు ప్రతి ఏడూ ఊరికే మిగల్లేదు, ఎవరో గట్ల వెంట నడిస్తే మిగిలారు. రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టం. అయినా పెట్టుకోవాలి.

ఆశ అంటే రేపు అంతా చక్కబడుతుందన్న నమ్మకమైతే అది నా దగ్గర కూడా లేదమ్మా, నీకు అబద్ధం చెప్పను. ఈ డెబ్బైలకి దగ్గరపడుతున్న వయసులో నా దగ్గరున్నది, చేస్తే తేడా వస్తుందని కళ్ళతో చూసిన అనుభవం.

ఇక నీ సంగతి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఇంకో గదిలో పెట్టు, నీ రూమ్మేట్‌కి ఇచ్చెయ్. వార్తలు పగలే చూడు, వీడియోలు మాని చదువు. వీడియో చూసినంత మాత్రాన ఆ పిల్లలకి నువ్వు చేసే సాయం ఏమీ పెరగదు, నీ నిద్ర మాత్రం పోతుంది. రెండు వారాలనుంచి నిద్ర లేదని రాశావు, దీన్ని చిన్న విషయం అనుకోకు. 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చావు ఆలోచనలు ఏమైనా వస్తుంటే ఈ జవాబు పూర్తిగా చదవక ముందే చెయ్, లేదా ఇంట్లో ఎవరికైనా చెప్పు. సిగ్గుపడే పని కాదు, ఉప్పెన తర్వాత నాకు ఏడాదిపాటు గాలి శబ్దం వింటే చెమటలు పట్టేవి, అప్పట్లో ఎవరికి చెప్పాలో తెలియక ఒక్కణ్ణే పడ్డాను.

రెండోది, లెక్కపెట్టగలిగినంత చిన్న పని ఒకటి పెట్టుకో. నీ హాస్టల్ మెస్‌లో గిన్నెలు తోమే ఆమె పిల్ల బడికి వెళ్తోందా? వెళ్తుంటే తెలుగు చదవడం వచ్చా? వారానికి మూడు సాయంత్రాలు అరగంట కూర్చోబెట్టు. ఒక్క పిల్ల చాలు. రక్తం ఇవ్వగలిగితే ఇవ్వు. డబ్బు పంపడం మంచిదే కానీ నీ దగ్గర ఇప్పుడు లేదు, దానికి నిన్ను నువ్వు తిట్టుకోకు.

మూడోది నీ పరీక్ష. ఇన్ని ఘోరాలు జరుగుతుంటే పంచవర్ష ప్రణాళికలు బట్టీ పట్టడం పిచ్చిగా అనిపిస్తోందన్నావు. నువ్వు రాస్తున్నది గ్రూప్-2 కదా, వస్తే నాయబ్ తహసీల్దారువి కావచ్చు. ఏదో ఒక జూలైలో గోదావరి పొంగుతుంది, అర్ధరాత్రి నీ చేతికి ఒక జాబితా వస్తుంది, వాన, ట్రాక్టరు ఇంజను ఆన్‌లో ఉంటుంది, డ్రైవరు మేడమ్ పోదామా అంటుంటాడు, టార్చి వేసి చూస్తే చివర ఒక పేరుకి టిక్కు పడి ఉండదు. అప్పుడు ఒక్క నిమిషం ఆగమని చెప్పగలిగిన మనిషి ఆ కుర్చీలో ఉండడం ఎంత అవసరమో నేను 90 మేలో చూశాను. అందుకోసమైనా చదువు తల్లీ.

ఇవాళ రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకో. వారం పోయాక నిద్ర ఎలా పడుతోందో ఇక్కడే రాయి, రోజూ చూస్తూ ఉంటాను.